ఇంటికి పనికొచ్చే ప్రోగ్రాం

మస్కట్ శివారు మబేలాలో పాత సామాను అమ్మే దుకాణాలు ఒక వీధి పొడుగునా ఉంటాయి. కంపెనీ మారేవాళ్ళు, దేశం వదిలి వెళ్ళేవాళ్ళు మంచాలు, ఫ్రిజ్‌లు, పిల్లల సైకిళ్ళు అక్కడ దింపేసి విమానం ఎక్కుతారు. మా అత్తయ్యకి చేతులున్న గట్టి కుర్చీ కావాలని ఒక శుక్రవారం సాయంత్రం మా ఆయనతో అక్కడికి వెళ్ళాను. కుర్చీ దొరికింది. ఆ కుర్చీలో ఒక కీబోర్డు కూర్చుని ఉంది.

నాకు కీబోర్డులంటే పెద్ద మోజు లేదు. ఇక్కడ ఒక ఇండియన్ స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను కాబట్టి, పిల్లలు పీకేసిన మీటలు ఏరుకోవడంలోనే నా సగం ఉద్యోగం గడిచిపోయింది. కానీ ఇది నేనెరిగిన జాతి కాదు. లావుగా, బరువుగా ఉంది. ప్రతి మీట మీదా ఇంగ్లీషు అక్షరం, పక్కనే అరబ్బీ అక్షరం. పైన చిన్న తలుపు ఉంది. వేలితో నొక్కితే లోపలికి తెరుచుకుంది.

"గదేం కీబోర్డ్ కాదు మేడమ్, పాత కంప్యూటర్. టీవీకి తగిలిస్తే నడుస్తదంట," అన్నాడు దుకాణం నడిపే హైదరాబాదు అతను.

"నడుస్తదంటనా, నడుస్తదా?"

"నేనైతే చూడలే. కుర్చీ తీస్కుంటున్నరు గద, దాంతోటి పట్కపోండి. ఈడ ఉత్తగ జాగ తింటున్నది."

దాంతోపాటు ఒక ప్లాస్టిక్ కవరు కూడా ఇచ్చాడు. అందులో ఆ చిన్న తలుపులో దూర్చే డబ్బాలు కొన్ని ఉన్నాయి, టేపు క్యాసెట్టంత ఉంటుంది ఒక్కోటి. ఒక్కో డబ్బా ఒక్కో ప్రోగ్రాం. అడుగున అట్ట చిరిగిన పుస్తకం ఒకటి, దాన్ని ఎలా వాడాలో చెప్పేది.

కారు డిక్కీలో కుర్చీ ఎక్కిస్తూ మా ఆయన ఆ కవరు వంక చూసి, "ఇంట్లో ఉన్న కంప్యూటర్లు చాలవా?" అన్నారు. నేను విననట్టు ముందు సీట్లో కూర్చుని ఆ కవరు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయనకి ఏ వస్తువైనా ఎందుకు పనికొస్తుందో ముందే తెలియాలి. నాకు ముందు వస్తువు కావాలి, పనికొచ్చే సంగతి తర్వాత చూసుకుంటాను. మా కాపురంలో సగం తగాదాలు ఇక్కడే పుడతాయి.

దారి పొడుగునా నేను చూస్తున్నది ఆ పుస్తకం అట్టనే. దాని మీద ఒక కుటుంబం బొమ్మ ఉంది. టై కట్టుకున్న నాన్న, వంటింటి గౌను తగిలించుకున్న అమ్మ, ఇద్దరు పిల్లలు, అందరూ టీవీ ముందు చేరి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. టీవీలో ఏముందో మాత్రం కనిపించదు. వీళ్ళు దేన్ని చూసి అంత సంబరపడిపోతున్నారు? ఇంటికొచ్చినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నేను చదువుకున్న రోజుల్లో కంప్యూటర్ అంటే కాలేజీలో ఏసీ గది. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళేవాళ్ళం. ప్రోగ్రాం అంతా ముందు కాయితం మీద రాసి మాస్టారుకి చూపించాక గానీ మీట ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ గదిలో ఉండే వస్తువుని ఎవరో అంతకు ముందే ఇంటి హాల్లో పెట్టుకోమన్నారంటే, ఇంట్లో దానితో ఏం చేయించాలని అనుకున్నట్టు? పప్పు ఉడికిస్తుందా, బట్టలు ఆరేస్తుందా? అది తెలిసేదాకా నాకు అన్నం సయించేలా లేదు.

నిజానికి మా ఇంట్లో అప్పుడు అంతకన్నా పెద్ద చిక్కు ఒకటి ఉంది. అదేమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా అత్తయ్య రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. మామయ్య పోయాక మా దగ్గరికే, ఇక్కడ మస్కట్లో మేముండే బౌషర్‌కి వచ్చేశారు. మంచి మాటకారి. నేను ఒకటంటే ఆవిడ రెండంటారు. ఆవిడ ఉంటేనే నాకు ఇల్లు ఇల్లులా ఉంటుంది. అయితే ఏడాదిగా ఆవిడకి మరుపు మొదలైంది. బీపీ టాబ్లెట్ వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు. పొయ్యి మీద ఏదో పెట్టి, ఆ గదిలోంచి ఈ గదిలోకి వచ్చేసరికి పొయ్యి సంగతే ఉండదు. నేను స్కూలు నుంచి మధ్యాహ్నం గానీ రాను, మా ఆయన డ్యూటీ సాయంత్రం దాకా. అంతసేపూ ఆవిడ ఇంట్లో ఒక్కరే.

"మళ్ళీ ఒక్కసారి గ్యాస్ వదిలేసిందంటే హైదరాబాదు పంపేద్దాం. చెల్లెలు రమ్మంటోంది, వాళ్ళింట్లో పొద్దస్తమానం మనుషులుంటారు," అని మా ఆయన తేల్చి చెప్పేశారు. మా ఆడపడుచు మంచిదే. చూసుకుంటుంది కూడా. కానీ అత్తయ్యకి వెళ్ళాలని లేదు. "అక్కడ నన్ను సోఫాలో కూర్చోబెట్టి కాలు కింద పెట్టనివ్వరు. కూర్చుని కూర్చుని నేనెవరో కూడా మర్చిపోతాను," అనేవారు నాతో. కొడుకుతో మాత్రం ఆ ముక్క అనరు. నాకూ ఆవిడని పంపాలని లేదు. పంపకుండా ఆపడానికి నా దగ్గర ఏ మార్గమూ లేదు. అప్పుడు మా ఇంట్లో తేలవలసింది ఇదొక్కటే.

చేయగలిగినవన్నీ చేశాను. కొత్త ఫోను కొని అలారాలు పెట్టాను. ఫోను మోగుతూ ఉండేది, అత్తయ్య పక్కనే కూర్చుని పత్రిక తిరగేస్తూ ఉండేవారు. "అది పొద్దున్నించీ పాడుతూనే ఉంటుందమ్మా. మెసేజీ వచ్చినా పాటే, ఎవరిదో పుట్టినరోజైనా పాటే. దాన్ని పట్టించుకుంటే బతకగలమా?" అన్నారు. నేనే స్కూలు నుంచి ఫోన్ చేసి టాబ్లెట్ వేసుకున్నారా అని అడిగితే ఆవిడకి ముక్కు మీదకి కోపం వచ్చేది. "నేనేమన్నా చంటిపిల్లనా?" అని పెట్టేసేవారు. హాస్పిటల్లో డాక్టరు ఇవాళ తారీఖు ఎంత అని అడిగితే, "తెలుసుకోవడానికి నాకేమన్నా కోర్టు వాయిదాలున్నాయా?" అని ఎదురు ప్రశ్న వేశారు. ఆయన నవ్వాడు గానీ, కాయితం మీద ఏదో రాసుకున్నాడు.

సరే, కంప్యూటర్ దగ్గరికి వస్తాను. శనివారం పొద్దున్నే టీవీ వెనక వైర్లు దూర్చి స్విచ్ వేశాను. నీలం రంగు తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. ఎక్కడా ఆగలేదు, ఆలోచించలేదు, పాస్‌వర్డ్ అడగలేదు. స్విచ్ వెయ్యగానే సిద్ధం. నా స్కూల్లో కంప్యూటర్లు లేచేలోపల పిల్లలు టిఫిన్ డబ్బాలు ఖాళీ చేసేస్తారు. నాకు దీని మీద గౌరవం కలిగింది.

మొదటి డబ్బా విమానాల ఆట. పక్కన పెట్టేశాను. రెండోది దూర్చగానే తెర నిండా అరబ్బీ. నాకు అక్షరమ్ముక్క రాదు. ఎదురు వాటాలో ఉండే పెద్దావిడని, మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆవిడని పిలుచుకొచ్చాను. ఆవిడది కడప. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి, మనవలు బడికీ పోతే ఆవిడా పగలంతా ఒంటరే. షుగరు ఉంది, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, మా అత్తయ్యతో మాట్లాడాలంటే మాత్రం ఏ నొప్పీ ఉండదు.

"సదవమంటే సదువుతా బిడ్డా. అర్థం అడగొద్దు. మాకు సిన్నప్పుడు మదరసాలో సదవను నేర్పిచ్చినారు గానీ అర్థం సెప్పింది ల్యా," అంటూ ఓణీ తల మీదకి లాక్కుని, తనకి అలవాటైన రాగంలో మొదలుపెట్టింది. గొంతు చక్కగా ఉంది. అత్తయ్య ఎంతో భక్తిగా వింటూ చేతులు జోడించారు. నేనూ టీవీ ముందు నిలబడి ఉండిపోయాను. కొంతసేపు చదివాక ఖాలా ఆగి, తెర దగ్గరగా మొహం పెట్టింది.

"రుజ్... రుజ్ అంటే బియ్యం గదా, అంగట్లో బస్తాల మీద రాసింటారే! ఇది లహమ్. ఓయమ్మ! అక్కా, చేతులు దించు. ఇది మాంసం అన్నం వండేదిమ్మే!"

ముగ్గురం కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. అది వంటల ప్రోగ్రాం అని అలా తెలిసింది. ఎందరికి వండాలో అడుగుతోందని ఊహించుకున్నాం. ముగ్గురికి అని కొట్టాను. ఒప్పుకోలేదు. నలుగురన్నా ఒప్పుకోలేదు. అంత తక్కువమందికి వండటం అవమానం అనుకున్నట్టుంది. ఏం చేస్తాం, దాని వంశంలో పొయ్యి వెలిగితే ఊరంతా తినాలి కాబోలు.

మూడోది నమాజు వేళలు చెప్పేది, ఇందులో ఇంగ్లీషు కూడా ఉంది. ఊళ్ళ పట్టికలో మస్కట్ ఉంది. తారీఖూ టైమూ మనం చెబితే, ఆ రోజు అయిదు వేళలూ లెక్కగట్టి, వేళ రాగానే కూత పెట్టి తెర మీద పెద్ద చదరం వెలిగిస్తుంది. "మా కిటికీకి ఎదురుగ్గానే మసీదుండాది. ఆ అజాన్ వినపడకపోతే గదా ఇది కావల్ల," అని ఖాలా తేలిగ్గా తీసిపారేసింది. అత్తయ్యకి వేరే అనుమానం వచ్చింది.

"తారీఖు, టైము మనల్ని అడుగుతుందేం? ఆమాత్రం దానికి తెలీదా?"

"దీనికి లోపల గడియారం నిలవదు అత్తయ్యా. స్విచ్ ఆపితే అన్నీ మర్చిపోతుంది. పొద్దున్నే మళ్ళీ మనమే చెప్పాలి."

"అన్నీ మర్చిపోతుందా?"

"అన్నీ."

అత్తయ్య దాని వంక కాసేపు చూసి, "పాపం," అన్నారు. నన్ను గానీ, కన్నకొడుకుని గానీ ఆవిడ అంత జాలిగా చూడటం నేనెరగను.

ఆ సాయంత్రం నేను వంటింట్లో ఉల్లిపాయలు కోస్తున్నాను. అత్తయ్య లోపలి గదిలో పడుకుని ఉన్నారు. హాల్లో ఆ పెట్టె కుయ్యిమంది. నేను కత్తి కింద పెట్టేలోపల అత్తయ్య గదిలోంచి గబగబా వచ్చి తెర ముందు నిలబడ్డారు. చెయ్యి ముందుకు చాపి ఉంది. ఫోను గంటసేపు పాడినా తల తిప్పని మనిషి! ఎందుకు వచ్చారని అడిగితే, "దీపం వెలిగింది కదమ్మా," అన్నారు. పైగా అది కూడా తెలీదా అన్నట్టు చూశారు.

ఉల్లిపాయల సంగతి మర్చిపోయాను. కూత, దీపం. ఎక్స్‌ఛేంజిలో బోర్డు మీద కాల్ వచ్చినప్పుడల్లా ఈ రెండే, ఆవిడ ఉద్యోగమంతా ఇదే కదా. మరుపు ఎన్నిటిని తినేసినా దీన్ని ముట్టుకోలేదు. మనకి కావలసిన ప్రోగ్రాం ఇలాంటిదే, కాకపోతే నమాజుకి బదులు టాబ్లెట్‌కి కూత పెట్టాలి.

అటువంటిది ఎక్కడైనా ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాను. ఇలాంటి పాత యంత్రాలని సేకరించే పిచ్చివాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ళు అప్పటి క్యాసెట్లన్నీ ఇంటర్నెట్లో దాచి పెట్టారు. స్కూల్లో ఖాళీ పీరియడ్లన్నీ అందులోనే మునిగాను. అప్పటివాళ్ళు ఇంటి కోసం ఏమేం చేశారో చూస్తుంటే ముచ్చటేసింది. డీప్ ఫ్రిజ్‌లో ఏ మూల ఏముందో రాసి పెట్టుకునేది ఒకటి. స్వెట్టర్ అల్లికలు చెప్పేది ఒకటి. పెరట్లో ఏ నెల ఏ విత్తనం వెయ్యాలో చెప్పేది, పుట్టిన తారీఖు చెబితే ఈవేళ మీ మనసు ఎలా ఉంటుందో గీత గీసి చూపించేది. ఇంట్లోని పుస్తకాలకి నంబర్లు వేసేది కూడా ఉంది. ఎవరో ఒక మనిషి, ఏదో ఒక ఊళ్ళో, సాయంత్రాలు కూర్చుని తన భార్య ఫ్రిజ్ కోసం ప్రోగ్రాం రాశాడన్నమాట. ఆవిడ దాన్ని వాడిందా? ఫ్రిజ్ తలుపు తీసి చూసుకోవడం తేలిక కదా అనలేదా? నాకు ఆ దంపతులని చూడాలనిపించింది.

కానీ టాబ్లెట్ వేసుకున్నావా అని అడిగేది ఒక్కటీ లేదు. పొయ్యి కట్టేశావా అని అడిగేది అసలే లేదు. మళ్ళీ ఆ పుస్తకం తీసి అట్ట చూశాను. నాన్న, అమ్మ, ఇద్దరు పిల్లలు. నాయనమ్మ లేదు. ఇంటికి కంప్యూటర్ కావాలని కలగన్నవాళ్ళు ఆ ఇంట్లో ముసలివాళ్ళని కలగనలేదు. నాకు కోపం వచ్చింది. అది వాళ్ళ మీదో, మా ఇంటి పరిస్థితి మీదో తేల్చుకోలేకపోయాను.

లేకపోతే మనమే రాసుకుందాం అనుకున్నాను. పుస్తకం వెనక పేజీల్లో ప్రోగ్రాం రాసే పద్ధతి ఉంది. నేను కాలేజీలో చెప్పులు విడిచి నేర్చుకున్న భాషే అది. వరస నంబర్లు వేసుకుంటూ పోవడం, అయితే ఇటు, కాకపోతే అటు. సెలవు రోజు మధ్యాహ్నం కూర్చుని రాసేశాను. ఖాలా ఇంట్లో పాత టేప్ రికార్డర్ ఉంటే తెచ్చి, క్యాసెట్లోకి ఎక్కించాను. పొద్దున్నే ఆ క్యాసెట్ తిప్పితే కీచుకీచుమని అరుస్తూ ప్రోగ్రాం లోపలికి వెళుతుంది. నా కాఫీ కలిసేసరికి అదీ సిద్ధం.

పని ఇలా సాగేది. నేను బయల్దేరే ముందు క్యాసెట్ తిప్పి వెళతాను. తారీఖూ టైమూ కొట్టడం మాత్రం అత్తయ్యది. క్యాలెండరు చూసి, గోడ గడియారం చూసి, ఒక్కో మీటా నొక్కి, "ఊఁ, ఇంక తెలిసిందా?" అనేవారు దానితో. తర్వాత వేళకి అది కూత పెడుతుంది, తెర మీద చదరం వెలుగుతుంది. టాబ్లెట్ వేసుకున్నారా? గ్యాస్ కట్టేశారా? అవునంటే ఒక మీట, కాదంటే ఒక మీట. ఏదో ఒకటి నొక్కేదాకా ఆగదు. నొక్కినవన్నీ నేను వచ్చాక చూసుకోవచ్చు.

మొదటి రోజు ఇంటికొచ్చి చూస్తే అన్నీ అవునే. రెండో రోజూ అంతే. నా అంతటిది లేదని గాల్లో తేలాను. మా ఆయనకి చూపించి, "దేనికి పనికొస్తుందన్నారుగా?" అని దెప్పాను కూడా. ఆ వారమే హాస్పిటల్‌కి వెళ్ళినప్పుడు డాక్టరు మళ్ళీ తారీఖు అడిగితే అత్తయ్య ఠక్కున చెప్పి, "రోజూ పొద్దున్నే మా ఇంట్లో ఒకదానికి నేనే చెప్పాలండీ, లేకపోతే దానికి తెలీదు," అన్నారు. ఆయన నా వంక చూశాడు. నేను వివరించబోతే గంట పట్టేలా ఉందని ఊరుకున్నాను.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు మధ్యాహ్నం లిఫ్ట్ దిగగానే మాడు వాసన. తలుపు తీస్తే ఇల్లంతా పొగ. పొయ్యి మీద పాలగిన్నె నల్లగా మాడి, పాలన్నవే లేవు. పొయ్యి ఇంకా వెలుగుతోంది. కట్టేసి కిటికీలు తెరిచి హాల్లోకి వచ్చాను. అత్తయ్య కుర్చీలో కూర్చుని దగ్గుతున్నారు. తెర మీద మాత్రం అన్నిటికీ అవును. గ్యాస్ కట్టేశారా, అవును. టాబ్లెట్ల డబ్బా తీసి చూస్తే వారానికి వేసినవి వేసినట్టే ఉన్నాయి.

మా ఆయన అరవలేదు. అరిచినా బావుండేది. వచ్చి, గిన్నె చూసి, తల్లి పక్కన కాసేపు కూర్చుని, తర్వాత బాల్కనీలోకి వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేశారు. "వచ్చే వారం టికెట్ తీస్తాను," అనడం నాకు వినిపించింది. అత్తయ్యకీ వినిపించింది. ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు ఒళ్ళు మండింది. మండితే నేను ప్రశ్నలు అడుగుతాను. మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయాను. అత్తయ్యకి కాఫీ ఇచ్చి పక్కన కూర్చుని, "మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు అత్తయ్యా, నాకు తెలుసుకోవాలని ఉంది. టాబ్లెట్ వేసుకోకుండా అవును ఎందుకు నొక్కారు?" అన్నాను.

"దీపం వెలిగితే ఆర్పాలి కదా."

"అది మిమ్మల్నే కదా అడుగుతోంది?"

ఆవిడ నన్ను అయోమయంగా చూశారు. "నన్నెందుకు అడుగుతుందీ? లైనులో మాట్లాడేవాళ్ళు ఏం మాట్లాడుకుంటారో మనకి సంబంధం లేదు. వినకూడదు కూడా. దీపం వెలగంగానే అందుకోవాలి, ఎవరికి కావాలో కలపాలి. కలిపితే దీపం ఆరుతుంది. ఆలస్యం చేస్తే పక్క సీటావిడ మీద భారం పడుతుంది." కాస్త ఆగి, "నువ్వు పెట్టినదానికి కలపడానికి ఎవరూ లేరమ్మా. అందుకని ఊరికే ఆర్పేస్తున్నాను," అన్నారు.

ఆవిడ అవును నొక్కింది మరుపు వల్ల కాదు, బద్ధకం వల్లా కాదు. తన పని తాను ఒక్క క్షణం ఆలస్యం కాకుండా చేశారు. నేనే ఆవిడని పేషెంటుని చేసి ప్రశ్నలు వేశాను. ఆపరేటరుకి కావలసింది ప్రశ్న కాదు, నంబరు.

ఎదురింటికి పరిగెత్తాను. "ఖాలా, మీ షుగరు మాత్రలు వేళకి వేసుకుంటున్నారా?" అన్నాను.

"ఏం ఏస్కుంటా బిడ్డా? ఒగోరోజు ఏస్కుంటా, ఒగోరోజు మర్సిపోతా. మా కోడలు అరుస్తాది," అంది.

విషయమంతా చెప్పి, నాకు సాయం చెయ్యమన్నాను. ఆవిడ మొత్తం విని, "సరే పో. అక్క ఏస్కుంటేనే నేను ఏస్కునేది. అట్ల సెప్తా," అంది.

ఆ మధ్యాహ్నమే ప్రోగ్రాం మార్చి రాశాను. ప్రశ్నలన్నీ కొట్టేశాను. ఇప్పుడు వేళకి కూత వస్తుంది, చదరం వెలుగుతుంది. లోపల ఒకటే మాట, ఎదురు వాటా లైను కావాలి అని, దాని కింద ఖాలా నంబరు. కంప్యూటర్ పక్కనే పెద్ద మీటలున్న పాతకాలం ఫోను ఒకటి పెట్టాను. మా ఆయనకి ఏం చెప్పలేదు. టికెట్ తీసేలోపల ఎన్ని రోజులు దొరికితే అన్ని రోజులని దేవుడి మీద భారం వేశాను.

ఆ వారం నేను స్కూల్లో ఏం పాఠం చెప్పానో నాకే తెలీదు. ఇంటికొచ్చి ముందు టాబ్లెట్ డబ్బా చూసేదాన్ని. ఆ రోజు గడి ఖాళీగా ఉండేది. పొయ్యి కట్టేసి ఉండేది. ఖాలాని అడిగితే నవ్వింది. "నీళ్ళ గ్లాసు పట్టుకుని రా అక్కా అంటా. తెస్తాది. ఇద్దరం ఫోన్లోనే గుటుక్కున మింగుతాం. పొయ్యి సూసిరా పో, నేనూ సూసొస్తా అంటా. అక్క గొంతు మారిపోతాది బిడ్డా ఫోన్లో. ఆఫీసరు మాదిరి మాట్లాడ్తాది."

టికెట్ తియ్యబోయే ముందు రోజు మా ఆయనని బతిమాలాను. ఒక్క పూట సెలవు పెట్టి ఇంటికి రండి, మీ కళ్ళతో చూశాక మీ ఇష్టం అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. నేనూ పర్మిషన్ తీసుకుని తొందరగా వచ్చేశాను. ఇద్దరం మా గదిలో తలుపు ఓరగా వేసుకుని మంచం మీద కూర్చున్నాం. అత్తయ్య స్నానాల గదిలో ఉండగా వచ్చాం కాబట్టి ఆవిడకి తెలీదు. మా ఆయన చేతిలో ఫోను ఉంది, అందులో విమానాల వేళలు ఉన్నాయి.

హాల్లో కూత పడింది. అత్తయ్య అడుగుల చప్పుడు. ఫోను మీటలు నొక్కిన చప్పుడు. అవతల ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ నొక్కారు. ఎత్తలేదు. ఇదివరకటిలా అయితే ఇక్కడ దీపం ఆర్పేసి కుర్చీలో కూర్చునేవారు. తర్వాత వీధి తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది. మా ఆయన లేచి నిలబడ్డారు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

ఎదురింటి బెల్లు మోగింది, ఒకసారి కాదు. ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. "నమాజులో ఉండాను అక్కా, ఫోన్ యెట్ల ఎత్తేది!" అంటోంది ఖాలా. "అలాగా, మంచిదండీ. లైను కలవకపోతే మనిషి వెళ్ళి చూసి రావాలి. అందుకని వచ్చాను. మాత్ర వేసుకోండి, నేను చూస్తాను," అంటున్నారు అత్తయ్య. ఖాలా చెప్పింది నిజమే. అది నేను రోజూ వినే గొంతు కాదు. నెమ్మదిగా, గట్టిగా, ఎవరూ కాదనలేనట్టు ఉంది. "నీది నువ్వూ ఏస్కో మరి," అంది ఖాలా. "వెళ్ళగానే," అన్నారు అత్తయ్య. వచ్చి వేసుకున్నారు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీట తడిమి చూసుకున్నారు. అప్పుడు దీపం ఆర్పారు.

మా ఆయన బయటికి వెళ్ళారు. కొడుకుని చూసి ఆవిడ, "నువ్వెప్పుడొచ్చావురా?" అన్నారు. ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు.

"అమ్మా, హైదరాబాదు వెళతావా? నిజం చెప్పు. చెల్లెలు ఎదురు చూస్తోంది."

"వెళ్ళకేం, కూతురిల్లు కాదూ," అన్నారు అత్తయ్య. "కానీ ఊరికే లేచి వెళ్ళడానికి వీల్లేదురా. నా సీట్లోకి మనిషి రావాలి. వచ్చాక బోర్డు అప్పజెప్పి వెళతాను. మనిషి రాకుండా బోర్డు వదిలి వెళితే ఉద్యోగమే పోతుంది. గోదావరికి వరద వచ్చిన ఏడాది నేను రెండు పూటలు కదలకుండా కూర్చున్నాను. ఎవరొస్తారో చూడు. ఎదురింటావిడకి మరుపు బాగా ఎక్కువ. వచ్చే మనిషికి అది చెప్పాలి."

మా ఆయన లేచారు. ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళారు. తలుపు వెయ్యలేదు.

"అమ్మ రావట్లేదే," అన్నారు చెల్లెలితో. అవతల ఏదో అడిగింది. ఆయన గొంతు సవరించుకుని, "అమ్మకి సెలవు దొరకలేదు," అన్నారు.